తొంభై రెండు డెసిబెళ్ళ లోవకుమారి

బడులన్నీ నిశ్శబ్దంగా ఉండాలని పైవాళ్ళకి ఎందుకు బుద్ధిపుట్టిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒక పెద్ద అధికారి ఏదో చల్లటి దేశానికి అధ్యయన యాత్రకి వెళ్ళి, అక్కడొక బడి చూసి, చీమ చిటుక్కుమన్నా వినబడేంత ప్రశాంతంగా ఉందని మురిసిపోయి వచ్చాడని ఒక కథనం. ఆయన వెళ్ళింది ఆ దేశపు వేసవి సెలవుల్లో అని ఇంకో కథనం. ఏదైతేనేం, జూన్ నెల తిరక్కముందే "ప్రశాంత ప్రాంగణం" అనే పథకం పుట్టింది. దానికో చిహ్నం, ఒక నినాదం, ఒక కమిటీ ఏర్పడ్డాయి. ఆ తరవాత ప్రతి బడికీ గోడకి తగిలించే ఒక యంత్రం వచ్చింది.

యంత్రం పేరు శబ్దసూచి. అరచేతి వెడల్పు పెట్టె, దానికి మూడు దీపాలు, వాటి కింద డెసిబెళ్ళ అంకె చూపించే చిన్న గాజు గడి. నలభై అయిదు డెసిబెళ్ళ లోపు చప్పుడైతే పచ్చదీపం, అరవై దాకా పసుప్పచ్చది, ఆపైన ఎర్రది. ఎర్రదీపం వెలిగిన ప్రతిసారీ ఆ సంగతి దానంతటదే జిల్లా ఆఫీసుకి చేరిపోతుంది. నెలకి వంద ఎరుపులు దాటిన బడికి మెమో.

జిల్లాలో ఈ పథకాన్ని ఎక్కడ ప్రారంభించాలా అని డిప్యూటీ డైరెక్టరు చిదంబరేశ్వరరావుగారు మూడు రోజులు ఆలోచించారు. నాలుగోరోజు పొద్దున్న గడ్డం గీసుకుంటూ ఉండగా ఆయనకి తట్టింది. జిల్లా మొత్తంమీద నిశ్శబ్దంగా ఉండే బడి ఏది? బధిరుల బడి. అక్కడ పెడితే మీట నొక్కగానే పచ్చదీపం, పక్కన తాను, మర్నాడు పేపర్లో ఫోటో. ఆ బడిలోకి ఆయన ఎప్పుడూ అడుగుపెట్టలేదు. పెట్టి ఉంటే ఈ కథే లేదు.

ఈ వార్త వచ్చిన వేళకి సువార్త టీచరు నోటి ముందు కోడి ఈక ఉంది.

ఆవిడ ఆ బడిలో పదహారేళ్ళుగా ఉచ్చారణ టీచరు. పుట్టినప్పటినుంచీ చెవులు వినబడని అయిదారేళ్ళ పిల్లలకి ఊపిరి పట్టడం, మెల్లగా వదలడం, ఆ ఊపిరికి గొంతు జోడించడం, గొంతుకి పెదాలూ నాలుకా జోడించడం నేర్పుతుంది. పిల్లలు తమలో తాము చేతులతో ఎడాపెడా కబుర్లు చెప్పుకుంటారు. ఆవిడా వాళ్ళతో చేతులతోనే మాట్లాడుతుంది, చేతులతోనే తిడుతుంది. దానికి తోడు నోటికి కూడా నాలుగు ముక్కలు వస్తే బజార్లో పనికొస్తాయని ఆవిడ పట్టుదల. అందుకని ఆవిడ గదిలో కొవ్వొత్తులు, బూరలు, కోడి ఈకలు, సబ్బునీళ్ళ గిన్నె, అందులో ముంచి బుడగలు ఊదడానికి బొప్పాయి కాడలు, ఊదితే ఎగిరేట్టు కత్తిరించిన కాగితం ముక్కలు, నిలువెత్తు అద్దం ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరిదో పుట్టినరోజనుకుని శుభాకాంక్షలు చెప్పి వెళ్ళిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇక ఆ బడి నిశ్శబ్దం సంగతి. అనుమానమున్నవాళ్ళు ఒక్కసారి మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్ళాలి. తమ చప్పుడు తమకి వినబడని డెబ్బైమంది పిల్లలు డెబ్బై స్టీలు కంచాలు సిమెంటు గచ్చుమీద పడేస్తారు. బెంచీలు ఎత్తరు, ఈడుస్తారు. దూరాన ఉన్నవాణ్ణి పేరుపెట్టి పిలిస్తే లాభం లేదు కనక నేలని కాలితో ధనధనా తన్నుతారు, ఆ అదురు అవతలివాడి అరికాలికి తెలుస్తుంది. నవ్వొస్తే నవ్వుతారు. పెద్దగా నవ్వకూడదని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా పెద్దగా అంటే ఏమిటో వాళ్ళకి తెలియదు. వీటన్నిటి మధ్యా సువార్త గదిలోంచి పొద్దున్నించీ సాయంత్రందాకా "పా పా పా, బా బా బా" అని పాఠం. ఆ బడి పక్కన కాపురమున్నవాళ్ళు ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఆదివారం నాడే చూపించేవారు.

ఆ ఏడు కొత్తగా చేరినవాళ్ళలో లోవకుమారి ఒకతె. వయసు ఆరు. దాని తండ్రి కామేశు మైకు పెట్టుకుని వీధివీధీ తిరిగే ఉల్లిపాయల ఆటోబండి మనిషి. చేర్పించిన రోజున కామేశు టీచరు ఎదురుగా కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"మాటలు రావాలని నేననట్లేదండి టీచరుగారు. దాని చేతుల భాష నాకు వచ్చేసింది, వాళ్ళమ్మకీ వచ్చేసింది. మొన్న వేసవిలో నేను బండి ఎనక్కి తీస్తన్నాను. ఇదేమో ఎనక చక్రం కాడ కూకుని ఉల్లిపొట్టుతో ఆడుకుంటంది. ఎదురింటామె సూసి కేకేసింది కాబట్టి సరిపోయింది. లేపోతే నా చేతులతో నేనే..." అని ఆగిపోయి, భుజంమీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఆ కేకేదో ఇదే ఏసుకుంటే సాలండి. ఒక్క అరుపు."

"నవ్వేటప్పుడు గొంతు వస్తుందా?" అని అడిగింది సువార్త.

"నవ్వేటప్పుడు వస్తదండి, ఏడిసేటప్పుడు వస్తదండి. అరవమంటే మాత్రం నోరు తెరుస్తాది, గాలే వస్తాది. వాళ్ళమ్మ అప్పట్నించీ దీన్ని గుమ్మం దాటనివ్వట్లేదండి. తలుపు గెడ పెట్టేత్తంది. ఈ ఏడు సూద్దాం, రాపోతే ఇక ఇంట్లోనే ఉంచేద్దాం అంటంది. ఆరేళ్ళ పిల్లని గదిలో పెట్టి గెడెడితే ఎలాగండి?"

సువార్త ఆ పిల్లవంక చూసింది. అది బల్లమీది కొవ్వొత్తిని చూస్తోంది. వెలిగించి ముందు పెట్టగానే ఉఫ్‌మని ఆర్పేసింది. రెండు పెడితే రెండూ, నాలుగు పెడితే నాలుగూ ఒక్క ఊపిరికే ఆరిపోయాయి. ఊపిరికి లోటు లేదు, కమ్మరి కొలిమి తిత్తి. ఆ ఊపిరికి గొంతు తగిలించడమే రాలేదు. నవ్వినప్పుడు వచ్చే గొంతు ఎక్కణ్ణించి వచ్చి ఎక్కడికి పోతోందో పాపం దానికే తెలియదు.

"అలాగే, చూద్దాం" అంది సువార్త. ఆవిడ చూద్దాం అంటే చేసి తీరుతానని అర్థం. అది బడిలో అందరికీ తెలుసు, ఒక్క డిప్యూటీ డైరెక్టరు గారికి తప్ప.

ప్రారంభోత్సవం బాగానే మొదలైంది. హెడ్మాస్టరు భీమశంకరంగారు, రిటైర్మెంటుకి ఎనిమిది నెలలే ఉన్న మనిషి, ఎందుకొచ్చిన గొడవ అనే మాటని మొహంలోనే దిద్దుకుని తిరిగేవారు, దండ పట్టుకుని నిలబడ్డారు. పిల్లలు వరసగా కూర్చున్నారు. చిదంబరేశ్వరరావుగారు మీట నొక్కారు. పచ్చదీపం వెలిగింది. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. ఆ వెలుగు చూసి పిల్లలకి సంతోషం వేసింది. డెబ్బైమంది నేలని కాళ్ళతో తన్నుకుంటూ, ఒకరినొకరు పిల్చుకుని దీపం చూపించుకున్నారు.

ఎర్రదీపం వెలిగింది. వెలిగి అక్కడే ఉండిపోయింది.

"వీళ్ళు చెవిటివాళ్ళే కదా?" అని అడిగారు డి.డి. గారు హెడ్మాస్టరుని.

"అవునండి."

"మరి ఈ శబ్దం ఎవరు చేస్తున్నారు?"

"వాళ్ళేనండి."

"వినబడనివాళ్ళకి శబ్దం దేనికండీ?" అన్నారు డి.డి. గారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారాయన. భీమశంకరంగారు దండ ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. ఫోటోగ్రాఫరు ఎరుపు కనిపించకుండా ఏ కోణంలోంచి తీయాలా అని వెతుక్కుంటూ వెళ్ళి మెట్లమీంచి జారిపడ్డాడు. అదీ యంత్రంలో నమోదైంది.

ఆ తరవాత మెమోలు మొదలయ్యాయి. మొదటిదాని ప్రకారం బెంచీల కాళ్ళకి సైకిలు ట్యూబు ముక్కలు తొడిగారు. ఇది బాగానే ఉంది. రెండోదాని ప్రకారం స్టీలు కంచాలు తీసేసి విస్తరాకులు పెట్టారు. వంట చూసే ఆయా నూకాలు నాలుగు రోజులు ఓర్చుకుని ఐదోరోజు హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడింది.

"పప్పుచారు ఆకులో నిలబడదండి బాబూ. అది పారిపోతంటే పిల్లలు ఎనకాల తరుముకుంటా తింటన్నారు."

"నిశ్శబ్దంగానే తరుముతున్నారా?" అని అడిగారు భీమశంకరంగారు.

"అది మాత్రం నిశ్శబ్దంగానే తరుంతన్నారండి."

"అయితే సరే" అన్నారాయన.

ఇన్ని చేసినా ఎర్రదీపం ఆగలేదు. ఒక కమిటీ వచ్చి మూడు రోజులు బడంతా తిరిగి, శబ్దం ఉచ్చారణ తరగతిలోంచి వస్తోందని కనిపెట్టింది. యంత్రాన్ని "శబ్దోత్పత్తి స్థానమునకు అత్యంత సమీపమున", అంటే సువార్త గది ముందు వరండాలో పిల్లల తల ఎత్తున తగిలించారు. సంజాయిషీ చెప్పుకోమని సువార్తకి కబురొచ్చింది.

ఆవిడ కొవ్వొత్తి, అగ్గిపెట్టె సంచీలో వేసుకుని జిల్లా ఆఫీసుకి వెళ్ళింది. డి.డి. గారి బల్లమీద కొవ్వొత్తి వెలిగించి, "సార్, మీరు ప అనండి" అంది.

ఆయన అటూ ఇటూ చూసి, గుమాస్తా లేడని రూఢి చేసుకుని "ప" అన్నారు. మంట వంగింది.

"ఇప్పుడు బ అనండి. చెయ్యి గొంతుమీద వేసుకోండి."

"బ" అన్నారాయన. వేళ్ళకింద గొంతు గుర్రుమంది. "బ, బ, బ" అని మళ్ళీ తనంతట తనే అన్నారు. యాభై ఏడేళ్ళుగా మాట్లాడుతున్నా ఈ సంగతి ఆయన ఎప్పుడూ గమనించలేదు. మొహం చిన్నపిల్లాడి మొహంలా అయింది. సువార్తకి ఆశ కలిగింది.

"చూశారా సార్. ప కి ఊపిరి చాలు. బ కి గొంతు కావాలి. మా పిల్లలకి ఊపిరి కంటికి చూపించగలను, మంట వంగుతుంది, ఈక ఎగురుతుంది. గొంతు చూపించడమే కష్టం. వాళ్ళ చేత మళ్ళీ మళ్ళీ అనిపించాలి, చెయ్యి పట్టుకుని గొంతుమీద వేయించాలి. చప్పుడు లేకుండా అది కుదరదు."

డి.డి. గారు గొంతుమీంచి చెయ్యి తీసేసి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మొహం మళ్ళీ డిప్యూటీ డైరెక్టరు మొహం అయింది.

"అంటే, కొన్ని అక్షరాలు నిశ్శబ్దంగానే సాధ్యమని మీరే ఒప్పుకుంటున్నారు."

సువార్త కొవ్వొత్తి ఆర్పేసింది. ఆవిడకి ఒళ్ళు మండింది, కానీ ఉద్యోగం అనేది ఒకటుంది.

వారం తిరక్కుండా మూడో మెమో వచ్చింది. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, క, చ, ట, త, ప అను అక్షరములు కేవలము ఊపిరితో పలుకదగినవని విషయ నిపుణురాలే ధ్రువీకరించి యున్నందున, వాటి బోధన యథావిధిగా కొనసాగించవచ్చును. గ, జ, డ, ద, బ అను అక్షరములకు ముందస్తు అనుమతి తప్పనిసరి. అచ్చుల విషయమై ప్రత్యేక ఉపసంఘము నియమించబడినది, దాని నివేదిక అందువరకు అచ్చుల వినియోగము నిలిపివేయవలెను.

"అచ్చులు లేకుండా ఏం నేర్పమంటారండీ?" అని అడిగింది సువార్త హెడ్మాస్టరుని.

"నోరు తెరిచి మూయించండమ్మా. చూసేవాళ్ళకి మాట్లాడినట్టే ఉంటుంది" అన్నారు భీమశంకరంగారు. "నేనూ ముప్ఫైనాలుగేళ్ళుగా మీటింగుల్లో అదే చేస్తున్నాను."

అనుమతికి ఒక ఫారం. అక్షరం పేరు, పలుకదలచిన విద్యార్థి పేరు, పలుకుటకు గల ఆవశ్యకత, అంచనా డెసిబెళ్ళు, మూడు ప్రతులు. సువార్త లోవకుమారి పేరుమీద "బ" కి దరఖాస్తు పెట్టింది. "ప అందుబాటులో ఉండగా బ ఏల?" అని వెనక్కి వచ్చింది. "పిల్లకి బెల్లం ఇష్టం, అడగాలి" అని రాసి మళ్ళీ పంపింది. పంతొమ్మిది రోజుల తరవాత మంజూరైంది: వచ్చే మంగళవారం పదకొండూ పదినుంచి పదకొండూ పదిహేనువరకు, ఒక విద్యార్థికి, తలుపులు మూసి. ఆ మంగళవారం లోవకుమారికి జ్వరం. మంజూరు మురిగిపోయింది.

అక్కణ్ణించి నాలుగు వారాలు తలుపులు మూసి, కిటికీలకి దుప్పట్లు కట్టి పాఠం నడిచింది. లోవకుమారి ఈకల్ని ఆ గోడ నుంచి ఈ గోడకి ఊదేది. సబ్బుబుడగలు గుమ్మడికాయంతవి ఊదేది. గొంతు మాత్రం రాలేదు. ప్రతి శనివారం సాయంత్రం బడి హాస్టలునుంచి ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చే కామేశు గుమ్మంలో నిలబడి టీచరు మొహం చూసేవాడు. ఆవిడ అడ్డంగా తల ఊపేది. "మరేం పర్లేదండి" అనేవాడతను, పర్లేదని అతనికీ నమ్మకం లేకుండా. సువార్తకి ఆ రాత్రి అన్నం సయించేది కాదు.

సెప్టెంబరులో ఒకరోజు మధ్యాహ్నం సువార్త గదిలోంచి వరండాలోకి వచ్చేసరికి లోవకుమారి శబ్దసూచి ముందు మునివేళ్ళమీద నిలబడి ఉంది. ఎవడో పెద్దపిల్లాడు బెంచీ పడేశాడు, ఎర్రదీపం వెలిగి మళ్ళీ పచ్చదయింది. లోవకుమారి దానివంక చూసింది. ఈ బడిలో చేరినప్పటినుంచీ ఎదురుగా ఏది వెలిగినా దానికి నేర్పింది ఒక్కటే. బుగ్గలు పూరించి, ఊదింది.

దీపం ఆరిపోవాలి. ఆరలేదు. ఊపిరి పెట్టె కన్నాల్లో దూరి రొద అయింది, పసుప్పచ్చది వెలిగింది.

ఆ పిల్ల మొహం చూడాలి. ఊదితే ఆరే దీపాలే ఇన్నాళ్ళూ చూసింది, ఊదితే వెలిగే దీపం చూడటం ఇదే మొదలు. మళ్ళీ ఊదింది, పసుప్పచ్చది. ఆపింది, పచ్చది. సువార్త గుమ్మంలోనే నిలబడిపోయింది. మెల్లగా వెళ్ళి పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. పిల్ల చెయ్యి తీసి తన గొంతుమీద వేసుకుని "బా" అంది గట్టిగా. ఎర్రదీపం.

పిల్ల దీపంవంక చూసింది, గొంతువంక చూసింది. ఇంకోసారి అనమని వేలెత్తి చూపించింది. "బా." ఎర్రదీపం. ఆపితే పచ్చది. మూడు రోజులు ఇదే ఆట. నాలుగోరోజు పొద్దున్న లోవకుమారి ఒక చెయ్యి తన గొంతుమీద వేసుకుని, ఇంకో చేత్తో పెట్టెని పట్టుకుని, అందులో ఏదో పోగొట్టుకున్నట్టు దీక్షగా చూస్తూ నోరు తెరిచింది. ముందు గాలి వచ్చింది, పసుప్పచ్చది. ఇంకాస్త గాలి. ఆ గాలి వెనకాల, తోసుకుంటూ, బొంగురుగా, "ఆ" అని ఒకటి వచ్చింది.

ఎర్రదీపం వెలిగింది. పిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. తానే. సువార్త ఏడ్చేసింది, పదహారేళ్ళ సర్వీసులో వరండాలో కూర్చుని ఏడవడం అదే మొదటిసారి. ఈ పిల్లలకి ఇన్నాళ్ళూ తను చూపించలేకపోయిన గొంతుని, నోరెత్తకూడదని తెచ్చి తగిలించిన పెట్టె చూపించింది.

ఇక చెప్పేదేముంది. మర్నాటినుంచి వరండాలో వరస కట్టారు. ఎర్రదీపం వెలిగించినవాళ్ళ చేతిమీద టీచరు ఒక బంగారు రంగు నక్షత్రం అతికించేది. మెల్లగా అంటే పసుపు, గట్టిగా అంటే ఎరుపు, ఊపిరి పట్టి ఎంతసేపు వెలిగించి ఉంచగలిగితే అంత గొప్ప. ఫారాలూ మంగళవారాలూ ఎవరికీ గుర్తులేవు. అక్టోబరు లెక్క తేలేసరికి బడి ఎరుపులు నాలుగువేల మూడువందల పన్నెండు. రాష్ట్రంలో మొదటి స్థానం. రెండో స్థానంలో ఉన్న బడి పక్కన రైల్వే స్టేషను ఉంది.

డి.డి. గారు స్వయంగా బయల్దేరారని తెలిసి భీమశంకరంగారికి బి.పి. పెరిగింది. "ఒక్క గంట, సువార్తమ్మా. ఒక్క గంట ఆ దీపాన్ని పచ్చగా ఉంచు. నా పెన్షను నీ చేతిలో ఉంది" అన్నారు చేతులు పట్టుకుని. ఆవిడ జాలిపడింది. ఇవాళ ఎవరూ ఎరుపు వెలిగించకూడదని పిల్లలకి చేతులతో చెప్పింది. వాళ్ళకది ఇంకో ఆట. ఎవరు ముందు వెలిగిస్తే వాళ్ళు ఓడిపోయినట్టు.

డెబ్బైమంది చేతులు కట్టుకుని, కాళ్ళు మడుచుకుని కూర్చున్నారు. పచ్చదీపం నిలకడగా వెలుగుతోంది. చిదంబరేశ్వరరావుగారు తృప్తిగా చూసి, సభ అన్నాక నాలుగు మాటలు చెప్పాలి కనక మొదలుపెట్టారు. "నిశ్శబ్దమే నాగరికత" అన్నారు. పసుప్పచ్చది వెలిగింది. "మౌనం వల్లనే మేధస్సు వికసిస్తుంది" అన్నారు ఇంకాస్త హెచ్చుస్వరంలో. ఎర్రదీపం వెలిగింది. ఆయన వీపు అటు ఉంది కనక కనబడలేదు. పిల్లలకి కనబడింది. ఓడిపోయాడు పాపం అని కొందరు, అయినా ఎంత బాగా వెలిగించాడో అని కొందరు చేతులతో చర్చించుకుని, చివరికి డెబ్బైమందీ చేతులెత్తి గాల్లో ఆడించారు. వాళ్ళ చప్పట్లు అవే. లోవకుమారి లేచి వెళ్ళి ఆయన చేతిమీద బంగారు రంగు నక్షత్రం అతికించింది.

డి.డి. గారు కదిలిపోయారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తరవాత జేబులోంచి కాగితం తీసి చదివారు. ఉచ్చారణ తరగతి నేటినుండి రద్దు. శ్రీమతి సువార్త ఇకపై ప్రశాంతతా పర్యవేక్షకురాలిగా వ్యవహరించవలెను. శబ్దసూచిని మరింత అర్హత గల పాఠశాలకు తరలించవలెను. "మీ పిల్లలు ఇంత బాగా సహకరిస్తుంటే, ఇక ఆ తరగతి అవసరమేముందమ్మా?" అన్నారు ప్రేమగానే.

సువార్త, పచ్చగా ఉంచమన్న హెడ్మాస్టరు మాట విన్నందుకు తనని తానే తిట్టుకుంది. అటెండరు స్క్రూడ్రైవరు పట్టుకుని వరండాలోకి వచ్చి, యంత్రం ఏ వైపునుంచి ఊడుతుందో చూస్తున్నాడు.

డి.డి. గారు ఆవరణలోకి నడిచారు. ఫోను మోగింది. పైఅధికారి. జీపు వెనకాల నీడ ఉంటే అక్కడ నిలబడి, అటు తిరిగి, ఒక చెవికి ఫోను, ఇంకో చెవికి వేలు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నారు. "సంపూర్ణ నిశ్శబ్దం సాధించాం సార్. చీమ చిటుక్కుమన్నా వినబడుతోంది సార్." ఫైళ్ళపెట్టె లోపల పెట్టి ఎవరో తలుపు వేశారు. సార్ ఎక్కేశారనుకున్నాడు డ్రైవరు. జీపు వెనక్కి కదిలింది.

వరండా మెట్టుమీద, యంత్రం పక్కనే కూర్చున్న లోవకుమారి అది చూసింది. వెనక్కి పోయే బండి దానికి తెలుసు. ఉల్లిపొట్టు తెలుసు, చక్రం తెలుసు. లేచి నిలబడి గొంతుమీద చెయ్యి వేసుకుంది.

అది "బ" కాదు, "ఆ" కాదు. ఏ ఫారంలోనూ ఆ అక్షరానికి గడి లేదు. నాలుగు కొవ్వొత్తుల్ని ఒక్కసారే ఆర్పే ఊపిరి మొత్తం గొంతులోంచి బయటికి వచ్చింది. వంటింట్లో నూకాలు గరిటె వదిలేసింది. అటెండరు స్క్రూడ్రైవరు వదిలేశాడు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. జీపుకీ డి.డి. గారి నడుముకీ మధ్య బెత్తెడు దూరం మిగిలింది.

"ఏమిటయ్యా ఆ అరుపు?" అంది ఫోను.

డి.డి. గారు జీపువంక చూశారు, పిల్లవంక చూశారు, వరండాలో ఎర్రగా వెలుగుతున్న దీపంవంక చూశారు. దాని కింద అంకె తొంభై రెండు. ఆ సంగతి అప్పటికే జిల్లా ఆఫీసుకీ, అక్కణ్ణించి పైకీ వెళ్ళిపోయింది. సంపూర్ణ నిశ్శబ్దం సాధించాం అన్న వాక్యం పూర్తవకముందే ఎక్కిన ఎరుపు అది. తుడవడానికి లేదు.

ఆయన కృతజ్ఞత లేని మనిషని ఎవరూ అనుకోకూడదు. ఆ సాయంత్రం లోవకుమారికి ఒక పెద్ద బెల్లం దిమ్మ పంపించారు. దానితోపాటే మెమో పంపించారు. రెండూ ఆయన బాధ్యతలే.

మెమో ఇలా ఉంది. ఒకటవ తరగతి విద్యార్థిని కుమారి లోవకుమారి, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషములకు, ముందస్తు అనుమతి లేకుండా, ఎవ్వరి సహాయమును లేకుండా, స్వయముగా, తన సొంత గొంతుతో తొంభై రెండు డెసిబెళ్ళ స్థాయిలో అరచినట్లు ఈ కార్యాలయము యంత్ర సాక్ష్యముతో ధ్రువీకరించడమైనది. సదరు అరుపు ప్రాంగణమంతటికీ స్పష్టముగా వినిపించినది. ఈ విషయమై సమగ్ర విచారణ జరుపబడును. విచారణ పూర్తగువరకు సాక్ష్యాధారములైన యంత్రమును, తరగతిని, ఉపాధ్యాయురాలిని యథాస్థితిలో ఉంచవలెను, ఎట్టి పరిస్థితులలోనూ కదిలించరాదు. ఇట్టి చర్య పునరావృతమైనచో తీవ్రముగా పరిగణించబడును.

భీమశంకరంగారు రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, "అమ్మా, విచారణలు ఎన్నాళ్ళు పడతాయో తెలుసా? నేను ఉద్యోగంలో చేరినప్పుడు మొదలైంది ఒకటి ఇంకా నడుస్తోంది" అన్నారు. పథకం మొదలైనప్పటినుంచీ ఆయన నవ్వడం అదే మొదటిసారి. అటెండరు స్క్రూడ్రైవరు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు వరండాలో మళ్ళీ వరస కట్టారు.

శనివారం కామేశు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సువార్త తల అడ్డంగా ఊపలేదు. మెమో చేతికిచ్చింది. అతను కూడబలుక్కుంటూ చదివాడు. "స్వయముగా, తన సొంత గొంతుతో" అన్నచోట ఆగాడు. మళ్ళీ మొదటినుంచీ చదివాడు.

"గవర్నమెంటోళ్ళే రాసిచ్చారాండి ఇది?" అన్నాడు.

"స్టాంపు కూడా వేశారు."

"నాకో కాపీ ఇప్పించండి టీచరుగారు. వాళ్ళమ్మకి సూపించాలి."

ఆ మర్నాడు ఆదివారం పొద్దున్న ఉల్లిపాయల బండి వాళ్ళ వీధి మలుపు తిరిగింది. ముందు సీట్లో తండ్రి పక్కన లోవకుమారి, చెయ్యి మైకు పెట్టెమీద ఆనించి కూర్చుంది, అదురు తెలుస్తుందని. ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని బయటికి వచ్చారు. మైకులోంచి ఉల్లిపాయల రేటు రాలేదు.

"ఒకటవ తరగతి ఇద్యార్థిని కుమారి లోవకుమారి... ఎవ్వరి సహాయమును లేకుండా, స్వయముగా, తన సొంత గొంతుతో, తొంభై రెండు డెసిబెళ్ళండమ్మా, తొంభై రెండు..."

వీధి చివరిదాకా మూడుసార్లు చదివాడు. అక్కడ బండి తిరగడానికి జాగా లేదు, వెనక్కి తీయాలి. లోవకుమారి దిగి, అరుగు ఎక్కి నిలబడింది. గుమ్మంలో వాళ్ళమ్మ, గెడ తీసిన తలుపు పట్టుకుని చూస్తోంది. కామేశు మైకు కట్టేసి, చెవి అటు పెట్టి, మెల్లగా వెనక్కి పోనిచ్చాడు. చక్రం కాలవ అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ వీధిలో నేరం పునరావృతమైంది.